మార్పుల చిట్టా

మన ఇండ్లలో నేడొక మాట తరచుగా వినవచ్చుచున్నది. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, విదేశములలోనో సాఫ్ట్‌వేరు పనిలోనున్న కుమారుడో కుమార్తెయో పండుగకు ఇంటికి వచ్చును. తల్లి భోజనమునకు పిలుచును. "ఉండమ్మా, ఇది కమిట్ చేసి వస్తాను" అని లోపలి గదినుండి సమాధానము వచ్చును. ఆ కమిట్ అనునదేమి, దానిని ఎచట చేయుదురు, చేయకున్న వచ్చు నష్టమేమి అని ఆ తల్లికి సందేహము కలుగుట సహజము. దానిని తీర్చుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము. అందుకై కంప్యూటరును కొంతసేపు ప్రక్కనబెట్టి, మన తాతల నాటి చిట్టా పుస్తకమును ఒకమారు తెరచి చూతము.

పూర్వపు వర్తకుల దుకాణములలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకములుండెడివి. ఏనాటి పద్దును ఆనాడు, జరిగిన వరుసలోనే చిట్టాలో వ్రాసెడివారు. అందొక అంకె తప్పుపడినచో నమ్మకస్థుడైన గుమాస్తా దానిని గీకివేయడు, పుటను చింపివేయడు. తప్పుపడిన అంకె కనబడుచుండగనే దానిపై గీత గీచి, ప్రక్కన సరియైన అంకె వేసి, చేవ్రాలు పెట్టును. పొరపాటు జరుగుట వింత కాదు. ఎవరు, ఎప్పుడు, దేనిని, ఎట్లు మార్చిరో తెలియకపోవుటయే ప్రమాదము. సాఫ్ట్‌వేరు రచనలో ఇట్టి చిట్టాను నడపు సాధనములకు వర్షను కంట్రోలు పద్ధతులని పేరు. గడచిన ఏబది యేండ్లకు పైబడిన కాలములో ఇట్టివి పెక్కు పుట్టినవి. వానిలో ముఖ్యములైనవానిని ఇచట పోల్చి చూపుదుము.

సోర్సు కోడు అనగా ప్రోగ్రామునకు మూలపాఠము. కంప్యూటరు ఏ పనిని ఏ వరుసలో చేయవలెనో, మనుష్యులు చదువదగిన అక్షరములలో వ్రాసిన ఆదేశముల సముదాయమిది. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారమైన లినక్స్ కెర్నెల్ అను ప్రోగ్రామును ఉదాహరణముగా తీసికొందము. దాని మూలపాఠము నేడు 3 కోట్ల పంక్తులకు మించియున్నది. వేలకొలది రచయితలు, ఒకరినొకరు చూచియెరుగనివారు, వేరువేరు దేశములనుండి దానిని నిత్యము దిద్దుచున్నారు. ఒక కామా గాని, ఒక సమానపు గుర్తు గాని మారినను ప్రోగ్రాము నడక మారిపోవచ్చును. ఇంతమంది కలములు ఒకే గ్రంథముపై నడచునపుడు చిట్టా లేనిదే గడవదు.

చిట్టా లేనిచో ఏమగునో మేము స్వానుభవమున ఎరుగుదుము. చాలకాలము క్రిందట మేము పనిచేసిన ఒక చిన్న కార్యాలయములో నలుగురము కలిసి జీతముల లెక్క కట్టు ప్రోగ్రామొకటి వ్రాయుచుంటిమి. పాతదానిని పోగొట్టుకొందుమేమో యను భయముతో ఒక ఫైలునకు 'చివరిది' అని పేరిడితిమి. మరునాడు 'నిజముగా చివరిది' అని ఇంకొకటి వెలసెను. వారము తిరుగునప్పటికి 'ఇదియే వాడవలెను' అని మరియొకటి చేరెను. ఒక నెలాఖరున, మాలో ఒకరు దిద్దిన కోతల లెక్కపై మరియొకరు తమ యంత్రములోని పాత ప్రతిని తెచ్చి కప్పివేసిరి. జీతములు తప్పుపడినవి. ఏ ఫైలు సరియైనదో తేల్చుటకు రెండు రాత్రులు పట్టెను. ఒకరినొకరు అనుమానించుకొని, వారము దినములు సరిగా మాటలాడుకొనలేదు. నిజమునకు మాలో బుద్ధిపూర్వకముగా తప్పుచేసినవారెవరును లేరు. మాకు చిట్టా లేకుండెను, అంతియే.

ఆ రెండు రాత్రులలో మూడు అవసరములు మాకు తెలిసివచ్చినవి. మొదటిది, ఏనాటి ప్రతినైనను మరల తీయగలుగుట. రెండవది, ఒకరి దిద్దుబాటును మరియొకరిది తుడిచివేయకుండుట. మూడవది, ప్రతి మార్పునకును కర్త, కాలము, కారణము నిలిచియుండుట. ఇక చెప్పబోవు పద్ధతులన్నియు ఈ మూడింటికొరకు కనిపెట్టిన ఉపాయములే. వాని మధ్యనున్న భేదములో ముఖ్యభాగము ఒక ప్రశ్నపై ఆధారపడియున్నది. ఆ చిట్టా ఎవరియొద్ద ఉండవలెను?

1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ అనువారు ఎస్.సి.సి.ఎస్. అను పద్ధతిని నిర్మించిరి. ఇది మొదట ఐ.బి.యం. 370 యంత్రము కొరకు స్నోబాల్ అను భాషలో వ్రాయబడి, తరువాత యూనిక్స్ కొరకు సి భాషలో తిరిగి వ్రాయబడినది. 1975లో రాచ్‌కైండ్ దీనిని వివరించుచు ఒక వ్యాసము ప్రకటించిరి. ఆ దినములలో కంప్యూటరునందలి నిలువచోటు మిక్కిలి ఖరీదైనది. ఒక పంక్తి మారినప్పుడెల్ల ఫైలునంతను మరల దాచుట తగదు. కావున మారిన పంక్తులను మాత్రమే దాచు ఉపాయమును అనుసరించిరి. ఎస్.సి.సి.ఎస్. నందు అన్ని కాలముల పంక్తులును ఒకే ఫైలులో పడుగుపేకలవలె అల్లియుండును. ఏ పంక్తి ఏ మార్పుతో వచ్చినదో, ఏ మార్పుతో పోయినదో తెలుపు గుర్తులు వాని నడుమ ఉండును. మనము కోరిన నాటి ప్రతికి చెందిన పంక్తులను అది ఏరి ఇచ్చును. ఇందు నిన్నటి ప్రతిని తీయుటకును, మొట్టమొదటి ప్రతిని తీయుటకును ఇంచుమించు ఒకే శ్రమ.

దీని తరువాత పర్డ్యూ విశ్వవిద్యాలయమునకు చెందిన వాల్టర్ టిచీ 1982లో ఆర్.సి.ఎస్. అను పద్ధతిని ప్రకటించిరి. ఆయన ఒక చిన్న విషయమును గమనించిరి. రచయితలు తరచుగా అడుగునది నేటి ప్రతినే గాని, పదియేండ్ల క్రిందటి ప్రతిని కాదు. కావున నేటి ప్రతిని సంపూర్ణముగా దాచి, వెనుకటి ప్రతులకు పోవుటకు మాత్రము భేదములను దాచిరి. నిన్నటి ప్రతి కావలెనన్న ఒక మెట్టు దిగవలెను. మొన్నటిదానికి రెండు మెట్లు. తరచుగా కావలసిన వస్తువును చేతికందునట్లు ముందరి అలమరలో పెట్టి, అపురూపముగా కావలసినదానిని అటకపై పెట్టు గృహిణి యుక్తి ఇట్టిదే.

ఈ రెండు పద్ధతులందును చిట్టా ఒక యంత్రములోనే ఉండెడిది. ఒకరి మార్పుపై మరియొకరి మార్పు పడకుండుటకు తాళము వేయు ఆచారముండెను. ఒకరు ఒక ఫైలును దిద్దుటకై తీసికొన్నచో, వారు తిరిగి ఒప్పగించువరకు ఇతరులు దానిని చదువవచ్చును గాని దిద్దరాదు. ఇది క్షేమమైన మార్గమే. కాని తాళము వేసినవారు దానిని తీయుట మరచి ఊరికి పోయినచో తక్కినవారి పని ఆగిపోవును. గ్రంథాలయములో ఉన్న ఒక్కప్రతిని ఒకరు ఇంటికి కొనిపోయి నెలల తరబడి తిరిగి ఇయ్యకుండుటవంటి ఇబ్బంది ఇది.

ఈ ఇబ్బందిని తొలగించు ప్రయత్నము హాలండు దేశమునందలి ఆంస్టర్‌డాం నగరమున జరిగినది. అచటి ఫ్రై విశ్వవిద్యాలయములో డిక్ గ్రూన్ అను అధ్యాపకులు తమ విద్యార్థులిద్దరితో కలిసి సి భాషకొక కంపైలరును వ్రాయుచుండిరి. విద్యార్థులలో ఒకరు వేళకు వచ్చి వేళకు పోవువారు. రెండవవారికి వేళాపాళా లేదు. అధ్యాపకులకు సాయంకాలములందు మాత్రమే తీరిక. తాళముల పద్ధతి ఇట్టి ముగ్గురికి పొసగదు. గ్రూన్ కొన్ని చిన్న ఆదేశపత్రములను వ్రాసికొని, ఎవరి ప్రతిపై వారు పనిచేసి, తరువాత మార్పులను కలుపుకొను విధానమును ఏర్పరచిరి. 1986లో దానిని లోకమునకు ప్రకటించిరి. 1989లో బ్రయన్ బెర్లినర్ దానిని సి భాషలో క్రొత్తగా వ్రాసిరి. ఇదియే సి.వి.ఎస్.

ఇట్లు కలుపుట ఎట్లు సాధ్యమని అడుగవచ్చును. ఒకే పద్యమునకు రెండు తాళపత్ర ప్రతులలో రెండు పాఠములు కనబడినపుడు, ఏది మొదటి పాఠమో, ఏది లేఖకుడు మార్చినదో ఆ రెండింటిని మాత్రమే చూచి చెప్పుట కష్టము. సి. పి. బ్రౌన్ వేమన పద్యములకై పెక్కు వ్రాతప్రతులను సేకరించి, పండితుల సాయమున పోల్చి, 1829లో ప్రకటించినపుడు అట్టి చిక్కునే ఎదుర్కొనవలసివచ్చెను. ఆ రెండింటికి తల్లియైన మూడవ ప్రతి దొరకినచో చిక్కు చాలవరకు విడిపోవును. వర్షను కంట్రోలు పద్ధతియందు ఆ తల్లిప్రతి ఎల్లప్పుడును చిట్టాలో దొరకును.

ఇంటి ఉదాహరణమునే తీసికొందము. తల్లి వ్రాసియుంచిన ఆవకాయ పాళ్ల కాగితమును ఇద్దరు కుమార్తెలు నకలు వ్రాసికొన్నారనుకొనుడు. పెద్దామె ఉప్పు పంక్తిని మార్చినది. చిన్నామె వెల్లుల్లి పంక్తిని మార్చినది. తల్లి కాగితముతో పోల్చిచూడగా, ఒక్కొక్క పంక్తిని ఒక్కరే మార్చినట్లు తేలును. రెండు మార్పులను గ్రహించి క్రొత్త కాగితమును సిద్ధము చేయవచ్చును. దీనినే విలీనము అందుము. ఇద్దరును ఉప్పు పంక్తినే వేరువేరుగా మార్చియున్నచో యంత్రము నిర్ణయింపజాలదు. అది వైరుధ్యము. అప్పుడు అక్కచెల్లెండ్రిద్దరును కూర్చుండి మాటలాడుకొనవలసినదే.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. పెద్దామె మామిడికాయల లెక్కను సగము చేసినది; చిన్నామె వేరొక పంక్తిలోని ఉప్పును రెట్టింపు చేసినది అనుకొనుడు. పంక్తులు వేరగుటచే యంత్రమునకు వైరుధ్యము కనబడదు. రెండింటిని నిశ్శబ్దముగా కలిపివేయును. కాగితము చక్కగనే యుండును. ఆవకాయ మాత్రము నోట పెట్టుటకు వీలుకాదు. విలీనమైన ప్రోగ్రామును నడిపి పరీక్షింపవలెనని అనుభవజ్ఞులు పట్టుపట్టుట ఇందులకే. ఏ పద్ధతియైనను అక్షరములను కలుపగలదు గాని, అర్థమును కలుపుట మనుష్యుల బాధ్యత.

సి.వి.ఎస్. పెక్కేండ్లు రాజ్యమేలినది. దాని లోపములును అంతకంతకు బయలుపడినవి. అది ప్రతి ఫైలునకును వేరువేరుగా చిట్టా వ్రాయును. ఒకే పనికొరకు పది ఫైళ్లను మార్చి దాఖలు చేయుచుండగా నడుమ తంతి తెగినచో, ఐదు ఫైళ్లు చేరి ఐదు చేరకపోవచ్చును. అర్ధాంతరమైన ప్రోగ్రాము అందరికిని అందును. ఫైలునకు పేరు మార్చినచో దాని పూర్వచరిత్రతో సంబంధము సులభముగా నిలువదు. ఈ లోపములను సవరించు సంకల్పముతో 2000లో కొలాబ్‌నెట్ అను సంస్థ సబ్‌వర్షన్ అను పద్ధతికి శ్రీకారము చుట్టినది. 2004 ఫిబ్రవరిలో దాని మొదటి సంపూర్ణ ప్రతి వెలువడెను. 2010లో అది అపాచీ సంస్థయొక్క ప్రధాన ప్రణాళికలలో చేరెను.

సబ్‌వర్షన్ నందు ఒక దాఖలు అన్ని ఫైళ్లతో కలిసి ఒక్కటే. చేరిన అన్నియు చేరును. లేనిచో ఒక్కటియు చేరదు. బ్యాంకులో ఒక ఖాతానుండి సొమ్ము తీసి మరియొక ఖాతాలో వేయునపుడు రెండు పనులును జరుగవలెను, లేదా రెండును జరుగరాదు గదా! ఇదియు అట్టిదే. ప్రతి దాఖలునకు 1, 2, 3 అని వరుస సంఖ్య పడును. "412వ సంఖ్యనాడు ప్రోగ్రాము ఎట్లుండెను?" అని అడిగిన వెంటనే చెప్పును. ఫైళ్ల పేర్లు మారినను చరిత్ర వెన్నంటి వచ్చును. కాని చిట్టా మాత్రము ఒక కేంద్ర సర్వరులోనే యుండును. తాలూకా కచ్చేరిలోని రిజిస్టరు వంటిది ఇది. నకళ్లు ఎవరైనను పొందవచ్చును. నమోదుకు మాత్రము కచ్చేరికి పోవలెను. కచ్చేరి మూసియున్ననాడు నమోదు లేదు. కచ్చేరి తగులబడి, వేరొకచోట భద్రపరచిన నకలు కూడ లేనిచో చరిత్రయే లేదు.

ఇక మూడవ తరము పద్ధతులకు వచ్చుచున్నాము. వీనియందు చిట్టా అందరియొద్దను సంపూర్ణముగా ఉండును. పనిలో చేరిన ప్రతివారును నేటి ప్రతిని మాత్రమే కాక, మొదటినాటినుండి జరిగిన చరిత్రనంతను తమ యంత్రములోనికి దింపుకొందురు. ప్రయాణములో నున్నను, ఇంటర్నెట్ లేకున్నను తమ చిట్టాలో తాము దాఖలు చేసికొనవచ్చును. తరువాత వీలు చూచుకొని ఒకరి చిట్టాను మరియొకరి చిట్టాతో సరిపుచ్చుకొందురు. వీనికి వికేంద్రీకృత పద్ధతులని పేరు. ఇవి ప్రబలుటకు లినక్స్ కెర్నెల్ చరిత్ర ముఖ్యకారణమైనది.

లినక్స్ కర్తయైన లైనస్ టోర్వాల్డ్స్ చాలకాలము ఏ కేంద్ర చిట్టాను వాడక, రచయితలు ఈమెయిలు ద్వారా పంపు మార్పులను తామే చదివి కలుపుచుండెడివారు. 2002లో బిట్‌కీపర్ అను వికేంద్రీకృత పద్ధతిని స్వీకరించిరి. అది లారీ మెక్వాయ్ స్థాపించిన కంపెనీవారి సొత్తు. దానిని ఉచితముగా వాడుకొనుటకు వారు కొన్ని షరతులతో అనుమతించిరి. ఆ షరతులు నచ్చనివారి కొరకు మూలపాఠముయొక్క నకలొకటి సి.వి.ఎస్. రూపమున కూడ ఉంచబడుచుండెను.

2003 నవంబరులో ఒక విచిత్రము జరిగినది. ఆ సి.వి.ఎస్. నకలు గల సర్వరులో ఎవరో దొంగచాటుగా ప్రవేశించి రెండు పంక్తులను చేర్చిరి. చూచుటకు అవి పొరపాటులను పట్టు సాధారణమైన తనిఖీవలె నుండెను. కాని సి భాషలో రెండు సమానపు గుర్తులు ప్రక్కప్రక్కన వ్రాసిన "ఇది దానికి సమానమేనా?" అని ప్రశ్న, ఒకే గుర్తు వ్రాసిన "దీనిని దానికి సమానము చేయుము" అని ఆజ్ఞ. ఆ పంక్తిలో ఒకే గుర్తు ఉండెను. లినక్స్ నందు సున్న సంఖ్య గల వాడుకరికి యంత్రముపై సర్వాధికారము కలదు. కావున "ఇతని సంఖ్య సున్నయేనా?" అని అడుగవలసినచోట "ఇతని సంఖ్యను సున్న చేయుము" అని జరుగును. ఆ రహస్యమెరిగినవాడు ఒక ప్రత్యేకమైన రీతిని ఆ భాగమును పిలిచినచో యంత్రమంతయు వాని వశమగును.

ఈ మోసము బయటపడుటకు ఎవరి సూక్ష్మదృష్టియు ప్రథమకారణము కాదు. అసలు చిట్టా బిట్‌కీపరులో నుండెను. నకలును దానితో సరిపోల్చు ఏర్పాటుండుటచే, నకలులోని ఒక మార్పునకు అసలులో పద్దు లేదని తేలినది. చేవ్రాలు లేని దిద్దుబాటు దొరకిపోయినది. అసలు మూలపాఠములోనికి ఆ పంక్తులు చేరనే లేదు. ఒక్క సమానపు గుర్తు ఎన్నో యంత్రములను పరాధీనము చేసియుండెడిదేమో! చిట్టా ఒకటికంటె ఎక్కువ చోటుల ఉండుటవలన, వానిని పోల్చుటవలన కలుగు రక్షణమునకు ఇంతకంటె మంచి నిదర్శనము మాకు తోచదు.

బిట్‌కీపర్ స్నేహము ఎక్కువకాలము నిలువలేదు. 2005లో ఆండ్రూ ట్రిడ్జెల్ అను ప్రోగ్రాము రచయిత బిట్‌కీపర్ సర్వరుతో సంభాషింపగల సాధనమును స్వయముగా వ్రాయ ప్రయత్నింపగా, అది షరతులకు విరుద్ధమని కంపెనీవారు ఉచితానుమతిని ఉపసంహరించిరి. లినక్స్ రచయితలు చిట్టా లేనివారైరి. ఆ ఏప్రిల్ నెల మొదటి వారముననే టోర్వాల్డ్స్ గిట్ అను పద్ధతిని వ్రాయుటకు ఉపక్రమించి, 7వ తేదీకి గిట్‌యొక్క చిట్టాను గిట్‌లోనే వ్రాయగలిగిరి. జూనులో వెలువడిన లినక్స్ 2.6.12 ప్రతి గిట్ సాయముననే నడచెను. జూలైనుండి గిట్ నిర్వహణభారమును జునియో హమానో వహించిరి. అదే ఏప్రిల్‌లో, అదే అవసరముచే, ఓలివియా మెకాల్ అనువారు మెర్క్యూరియల్ అను మరియొక పద్ధతిని ప్రారంభించిరి.

గిట్ నందలి ముఖ్యమైన ఏర్పాటును గురించి రెండు మాటలు. ప్రతి దాఖలునకును దాని విషయమునుబట్టి గణితముచే ఒక ముద్ర కట్టబడును. అది సాధారణముగా 40 గుర్తుల పొడవుండును. ఒక్క అక్షరము మారినను ముద్ర మారిపోవును. పైగా ప్రతి దాఖలులోను దాని ముందరి దాఖలుయొక్క ముద్రయు ఇమిడియుండును. కావున పాతపుటలో ఎవరైనను ఒక అంకెను రహస్యముగా మార్చినచో, అచటినుండి నేటివరకు గల ముద్రలన్నియు తప్పును. ఇతరులయొద్దనున్న చిట్టాలతో సరిపడవు. ఎస్.హెచ్.ఏ.-1 అను ఆ గణితపద్ధతిని భేదింపవచ్చునని 2017 ఫిబ్రవరిలో ఆంస్టర్‌డాం గణిత పరిశోధనాలయమువారును, గూగుల్‌వారును కలిసి నిరూపించిరి. అట్టి దొంగముద్రలను గుర్తించు ఏర్పాటు గిట్‌లో చేర్చబడినది; 2020నుండి అంతకంటె బలమైన గణితమును వాడుటకును వీలు కలిగినది. తాళములు చేయువారికిని, తీయువారికిని గల పోటీ ఈ రంగమునను తప్పలేదు.

గిట్, మెర్క్యూరియల్‌ల మూలసూత్రము ఒక్కటే. భేదము స్వభావమునందున్నది. మెర్క్యూరియల్ ఆదేశములు తక్కువ, సరళము. క్రొత్తవారు త్వరగా నేర్వగలరు. గిట్ ఆదేశములు పెక్కు, కొన్ని తికమకపెట్టునవి, కాని సామర్థ్యమెక్కువ. గిట్ నందు ఒక శాఖను తీయుట, అనగా ముఖ్యపాఠమును కదపక ప్రక్కన ఒక ప్రయోగము చేసికొనుట, క్షణములో జరుగు పని. ప్రయోగము ఫలించినచో కలుపుకొందురు, లేనిచో విడిచిపెట్టుదురు. 2008లో ప్రారంభమైన గిట్‌హబ్ అను సేవ గిట్ వ్యాప్తికి మిక్కిలి తోడ్పడినది. పైథాన్ భాష మూలపాఠము మొదట సి.వి.ఎస్.లో, తరువాత సబ్‌వర్షన్‌లో ఉండి, 2011లో మెర్క్యూరియల్‌కు, 2017లో గిట్‌కు మారినది. ఒక్క గ్రంథముయొక్క ప్రయాణములోనే ఈ చరిత్రయంతయు కనబడును. జనము ఎచట గుమికూడిరో అచటికే సంత చేరుట లోకస్వభావము. పద్ధతి గుణముతోపాటు తోడివారి సంఖ్యయు నిర్ణయములను నడపుచున్నది.

గిట్ సర్వరోగనివారిణి కాదు. చరిత్రనంతను అందరును దింపుకొనవలెనన్న, చరిత్ర పెద్దదైనచో భారమగును. మైక్రోసాఫ్టువారు విండోస్ మూలపాఠమును 2017లో గిట్‌కు మార్చినపుడు అందు సుమారు 35 లక్షల ఫైళ్లు, 300 గిగాబైట్ల విషయము ఉండెను. కావలసిన ఫైళ్లను మాత్రమే అవసరమైనపుడు దింపునట్లు వారు ప్రత్యేకమైన సాధనమును నిర్మించుకొనవలసివచ్చెను. చలనచిత్రములు, బొమ్మలు, శబ్దములవంటివాని విషయమున పంక్తులను పోల్చు విలీనము పనిచేయదు. అట్టిచోట పాతకాలపు తాళమే మేలు. వీడియో ఆటలు తయారుచేయు సంస్థలలో పెక్కు నేటికిని పెర్‌ఫోర్స్ అను కేంద్రపద్ధతిని వాడుట ఇందులకే. ఒక అరలోని కాగితములను కొందరికి మాత్రమే చూపవలెనన్నను సబ్‌వర్షన్‌వంటి కేంద్రపద్ధతి అనుకూలము.

మరియొక ముఖ్యమైన జాగ్రత్త కలదు. చిట్టా దేనిని మరువదు. ఒకనాడు ఏమరుపాటున రహస్యపదమును, అనగా పాస్‌వర్డును, మూలపాఠములో వ్రాసి దాఖలు చేసి, మరునాడు తొలగించినను అది పాతపుటలో చదువుటకు వీలుగనే యుండును. ఆ చిట్టా నకళ్లు ఇతరులకు చేరియున్నచో తుడిచివేయుట మన చేతిలో లేదు. అట్లయినపుడు చిట్టాను దాచుటకంటె వెంటనే ఆ పాస్‌వర్డును రద్దుచేసి క్రొత్తదానిని పెట్టుకొనుట వివేకము. ఇంటి తాళపుచెవి పోయినచో, అది దొరకిన బాటసారిని వెదకుట కంటె తాళమును మార్చుట సులభము గదా!

ఇప్పుడు ఎవరికేది తగునని అడుగవచ్చును. ఒంటరిగా వ్రాసికొను విద్యార్థికి గిట్ గాని, మెర్క్యూరియల్ గాని చాలును, సర్వరు అక్కరలేదు. దేశదేశములందున్నవారు కలిసి వ్రాయు పనికి వికేంద్రీకృత పద్ధతియే శరణ్యము. ఒకే కార్యాలయములో, పెద్ద పెద్ద బొమ్మల ఫైళ్లతో, కట్టుదిట్టమైన అనుమతులతో నడచు పనికి సబ్‌వర్షన్, పెర్‌ఫోర్స్ నేటికిని పనికివచ్చును. మొదటిసారి నేర్చుకొనువారు మాత్రము గిట్‌తో ఆరంభించుట మంచిది. పనిలో చేరిన పిమ్మట వారికి ఎక్కువగా ఎదురగునది అదియే. ఇక వికేంద్రీకృత పద్ధతి ఉన్నదిగదా యని నిర్లక్ష్యము పనికిరాదు. ఒకరి యంత్రములోనే ఉండి, మరియెవ్వరికిని పంపని దాఖలు ఆ యంత్రముతోపాటే నశించును. చిట్టాకు నకలుండుట పద్ధతి మహిమచే గాక, మనము పంపుటచే కలుగును.

అన్ని పద్ధతులందును సమానముగా నున్న ఒక భాగము కలదు. దాఖలు చేయునపుడు ఒకటి రెండు వాక్యములలో కారణము వ్రాయుమని చిట్టా మనలను అడుగును. ఏ పంక్తి మారినదో యంత్రమునకు తెలియును. ఎవరు మార్చిరో, ఎప్పుడు మార్చిరో తెలియును. ఎందుకు మార్చిరో మాత్రము వ్రాసినవారు చెప్పిననే తెలియును. "మార్చితిని", "సరిచేసితిని" అని వ్రాసి తొందరగా లేచిపోవువారు పెక్కురు. మేమును అట్లు చేసినవారమే. ఆరునెలల పిదప ఆ పుటను తెరచినపుడు మా వ్రాత మాకే పరాయిదైనది. "జీతమునుండి రెండుమారులు కోతపడుచున్నందున, రెండవదానిని తొలగించితిని" అని వ్రాసియున్న వాక్యము మాత్రము, వ్రాసిన సహోద్యోగి వేరొక ఊరికి పోయిన తరువాతను మాకు దారిచూపినది.

కావున భోజనమునకు పిలిచిన తల్లులకు మా మనవి ఒక్కటే. లోపలిగదిలోని పిల్లవాడు "కమిట్ చేసి వస్తాను" అన్నపుడు, నాటి గుమాస్తా దీపము మలుపుటకు ముందు చిట్టాలో ఆనాటి పద్దు ముగించుచున్నాడని యెంచుడు. ఒక నిమిషము ఆగవచ్చును. వచ్చి కూర్చున్న పిమ్మట మాత్రము, "ఏమి మార్చినావు, ఎందుకు మార్చినావు?" అని అడిగి చూడుడు. ఆ రెండవ ప్రశ్నకు తడుముకొనక సమాధానము చెప్పగలిగినచో, వాని చిట్టా సరిగా నున్నదని నిశ్చింతగా వడ్డింపవచ్చును.